విన్‌కులిన్ కనిపించట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

పీహెచ్‌డీ_తిప్పలు: పొద్దుట్నుంచీ ఇదే పని, తల పగిలిపోతోంది. 3టీ3 కణాల్లో (ఎలుక ఫైబ్రోబ్లాస్టులు) విన్‌కులిన్ (కణం అడుగుని పట్టుకునే చోట్ల చేరే ప్రోటీన్) స్టెయిన్ చేస్తే అంచుల దగ్గర చిన్న చిన్న గీతలు రావాలి కదా, కణమంతా మసగ్గా పరుచుకుంటోంది. స్ట్రెస్ ఫైబర్లూ (యాక్టిన్ ప్రోటీన్ పోగుల కట్టలు) లేవు. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో పట్టే పరీక్ష) మొత్తం ఫాక్ (FAK, అదే చోట్ల చేరే ఎంజైము) 125 కిలోడాల్టన్ల దగ్గర బ్రహ్మాండంగా ఉంది, దాని టైరోసిన్ 397 మీద ఫాస్ఫేట్ ఉంటేనే పట్టుకునే ఫాస్ఫో యాంటీబాడీకి మాత్రం ఏమీ లేదు. రెండు యాంటీబాడీలూ ఒకేసారి పాడవుతాయా? ప్రోటోకాల్ మామూలే.

బ్లాట్_బాబాయ్: యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటకుండా పాలతో బ్లాక్ చేసుంటారు. పాలల్లో కేసీన్ ఉంటుంది, అదే ఒక ఫాస్ఫోప్రోటీన్. ఫాస్ఫో బ్లాట్‌కి బీఎస్‌ఏ (ఆవు సీరం ఆల్బుమిన్) వాడండని ఈ గ్రూపులో ఎన్నిసార్లు మొత్తుకున్నా వినరు. ఫాస్ఫేట్లు ఊడిపోకుండా ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లయినా వేశారా?

గోదారి_సెల్: కవర్‌స్లిప్ మీద కోటింగ్ ఏంటి? సీరం వేశారా?

పీహెచ్‌డీ_తిప్పలు: బాబాయ్, బీఎస్‌ఏనే, ఇన్హిబిటర్లూ వేశా. కోటింగ్ అందరూ వాడే పాలీలైసిన్. సీరం లేకుండా అరగంట ఉంచి ఫిక్స్ చేశా. కణాలు గట్టిగానే అంటుకుంటాయి.

గోదారి_సెల్: అంటడం వేరు, కణం పైపొరలోని ఇంటెగ్రిన్ ప్రోటీన్ పట్టుకోవడం వేరు. పాలీలైసిన్ మీద కణం జిగురు కాగితానికి ఈగ అంటినట్టు, ఛార్జి వల్ల అంటుకుంటుంది. ఫైబ్రోనెక్టిన్ (కణాల బయట ఉండే ప్రోటీన్) ఉంటే ఇంటెగ్రిన్ దాన్ని పట్టుకుంటుంది. లోపలి వైపు ఇంటెగ్రిన్ తోకకి టాలిన్ అనే ప్రోటీన్ తల అతుక్కుంటుంది, టాలిన్ ఒళ్లు యాక్టిన్‌కి. యాక్టిన్‌ని మయోసిన్ అనే మోటార్ ప్రోటీన్ లాగితే టాలిన్ మడతలు విప్పుకుని విన్‌కులిన్‌కి చోటు దొరుకుతుంది. అప్పుడే మీ గీతలు. ఫాక్ కూడా అక్కడ గుమిగూడాకే 397 దగ్గర ఫాస్ఫేట్ తగిలించుకుంటుంది, దానికి సార్క్ (Src) అనే మరో ఎంజైము వచ్చి అతుక్కుంటుంది. యాంటీబాడీల తప్పేం లేదు.

మైక్రోస్కోప్_మావ: పాలీలైసిన్ మీద ఫోకల్ అడ్హీషన్లు (విన్‌కులిన్ గీతలుగా కనిపించే ఆ పట్టులు) రావనడం తప్పు. రాత్రంతా ఉంచి చూడండి, వస్తాయి.

గోదారి_సెల్: ఈలోగా కణాలు సొంత ఫైబ్రోనెక్టిన్ వదులుకుంటాయి కాబట్టి వస్తాయి. ఇక్కడ అరగంటే.

మైక్రోస్కోప్_మావ: అరగంటకి ఫైబ్రోనెక్టిన్ మీద కూడా ఎక్కువగా వచ్చేవి చిన్న ఫోకల్ కాంప్లెక్సులే (ఇంకా ఎదగని పట్టులు). వాటినీ ఫోకల్ అడ్హీషన్లంటే ఎలా?

గోదారి_సెల్: పేరు మీ ఇష్టం. విన్‌కులిన్ రెండిట్లోనూ ఉంటుంది. మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాముల ఫైబ్రోనెక్టిన్, 37 డిగ్రీల్లో గంట. పక్కన పాలీలైసిన్ స్లిప్ కూడా పెట్టండి, కంట్రోల్‌గా పనికొస్తుంది.

బ్లాట్_బాబాయ్: బీఎస్‌ఏ ఎంత శాతం వేశారు?

పీహెచ్‌డీ_తిప్పలు: పక్క ల్యాబ్ ఫ్రిజ్‌లో ఫైబ్రోనెక్టిన్ ఉందట, అడుక్కొస్తా. థాంక్స్ అండీ. బాబాయ్, 5 శాతం.