బైపీసీ అయిన అమ్మాయిని నర్సింగ్‌లో చేర్పించాలా, ల్యాబ్‌లోనా, ఫార్మసీలోనా? పని చేస్తున్నవాళ్ళు చెప్పండి

పొదిలి రైతు:
మాది పొదిలి దగ్గర పల్లె. అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే మార్కులు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి ఇంకో ఏడాది అంటే నా వల్ల కాదు. తనేమో బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. మా అమ్మ, మా బావ ఒప్పుకోవడం లేదు. రాత్రి డ్యూటీలు, సంబంధాలు కుదరవు, ల్యాబో ఫార్మసీనో చేర్పించు అంటున్నారు. పొగాకు డబ్బు చేతికి రాగానే ఫీజు కట్టాలి. ఒకసారి కట్టాక వెనక్కి తిరగలేను. ఏ పని ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి.

నెల్లూరు సిస్టర్:
అన్నా, నేను జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేశాను. పెళ్ళయ్యాక రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ కూడా చేశాను. నెల్లూరులో 14 ఏళ్ళ సర్వీసు, ఇప్పుడు ఐసీయూ.

ముందు కష్టం చెప్తాను. రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కితే పొద్దున ఎనిమిదికి హ్యాండోవర్ ఇచ్చాకే కదిలేది. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి ఒక నర్సు ఉండాలి. నేను మొదట చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్కదాన్నే ముగ్గురిని చూశాను. రెండేళ్ళ బాండ్ రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు. మానేస్తానంటే ఆరు నెలలు తిప్పించారు. మీ అమ్మాయి ఎక్కడ చేరినా ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోమనండి, ఎవరికీ అప్పజెప్పొద్దు.

అయినా నేను ఈ పని వదల్లేదు. ఒక రాత్రి మూడింటికి షుగర్ పేషెంట్ ఒకాయన, అరవై ఏళ్ళుంటాయి, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మానిటర్‌లో అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. దుప్పటి సర్దబోతే చొక్కా తడిసి ముద్దయింది, పేరు అడిగితే మాట ముద్దగా వస్తోంది. వేలికి పొడిచి చూస్తే షుగర్ 42కి పడిపోయింది. డ్యూటీ డాక్టర్‌ని పిలిచి, ఆయన చెప్పినట్టు డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఎక్కించాం. పది నిమిషాలకు కళ్ళు తెరిచి, తెల్లారిందా అమ్మా అని అడిగాడు. డాక్టర్ రౌండ్‌కి వచ్చి చూసి వెళ్తారు, ల్యాబ్ వాళ్ళు రక్తం తీసుకుని వెళ్తారు, ఫిజియో వాళ్ళు అరగంట ఉంటారు. మిగతా రాత్రంతా మంచం పక్కన ఉండేది మనమే. అందుకే మీ అమ్మాయిని ఒక్కటే అడగండి: రోగి పక్కన గంటల తరబడి ఉండగలవా? మలమూత్రాలు, వాంతులు, ఏడుపులు అన్నీ చూడాలి. ఉండగలనంటే ఆపొద్దు.

సంబంధాల మాట నాకూ చెప్పారు. మా ఆయన నా డ్యూటీ లిస్టు చూసుకునే తన పనులు పెట్టుకుంటారు. అలాంటి ఇల్లు వెతకాలి అంతే.

కావలి ల్యాబ్:
రాత్రి డ్యూటీ ఉండదని ల్యాబ్‌కి పంపాలనుకుంటే మాత్రం పొరపాటండీ. క్యాజువాల్టీ ఉన్న ఆసుపత్రిలో ల్యాబ్ మూయరు. నేను డీఎంఎల్‌టీ చేశాను, రెండేళ్ళ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా. చదువు త్వరగా అయిపోతుంది, పని నాకిష్టం. కానీ సొంత ల్యాబ్ పెట్టాలంటే మిషన్లు, పరీక్షలకు వాడే రసాయనాలు, రిపోర్టు మీద సంతకానికి డాక్టర్, ఇవన్నీ చూసుకోవాలి. ఆ పెట్టుబడి లేక నేను పదేళ్ళుగా జీతానికే చేస్తున్నా.

ఒంగోలు ఫార్మసీ:
డీఫార్మసీ రెండేళ్ళు, బీఫార్మసీ నాలుగేళ్ళు, ఫార్మ్‌డీ ఆరేళ్ళు. మందుల షాపు పెట్టడానికి డీఫార్మసీ చాలు. సర్టిఫికెట్ అద్దెకిచ్చి ఇంట్లో కూర్చోవచ్చని చెప్పేవాళ్ళు మీకూ తగులుతారు. వినొద్దు అన్నా. షాపులో ఏ తప్పు జరిగినా లైసెన్సు మీద ఎవరి పేరుందో వాళ్ళే జవాబు చెప్పాలి.

ఆత్మకూరు అబ్బాయి:
నేను మగ నర్సుని. కేంద్ర ప్రభుత్వ ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్‌సెట్ అనే పరీక్ష ఉంటుంది. అందులో 80 శాతం ఆడవాళ్ళకే, మాకు 20 శాతం. మొదలు మూలవేతనమే నెలకు 44,900. నేను రెండుసార్లు రాసి పోగొట్టుకున్నా, మళ్ళీ చదువుతున్నా. మీ అమ్మాయికి ఆ అవకాశం నాకంటే ఎక్కువ. విదేశాల దారి కూడా ఉంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్వాలి. ఏజెంట్లకు ముందే లక్షలు కట్టొద్దు.

కనిగిరి విలేజ్ క్లినిక్:
నర్సింగ్ అంటే అందరూ వార్డే అనుకుంటారు. నేను బీఎస్సీ నర్సింగ్ చేసి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా చేస్తున్నా. మామూలుగా పగటి డ్యూటీనే. బీపీ, షుగర్ వాళ్ళకు మందులు, గర్భిణుల చెకప్‌లు. మా వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ, అందుకే కాళ్ళ వాపుతో ఎవరొచ్చినా వదలకుండా టెస్టులకు పంపుతాను. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి రెన్యువల్ టెన్షన్ ఉంటుంది, అది దాచను.

ఫీజు కట్టే ముందు రెండు చూడండి. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందా? సొంతంగా 100 పడకల ఆసుపత్రి ఉండాలన్నది నియమం, అది నిజంగా నడుస్తోందా? బోర్డు చూసి రావొద్దు. వార్డులోకి వెళ్ళి మంచాల మీద మనుషులున్నారో లేదో చూడండి. రోగులు లేని చోట నాలుగేళ్ళు చదివితే సెలైన్ ఎక్కించడానికి నరంలో కాన్యులా పెట్టడం కూడా రాదు.

పొదిలి రైతు:
అందరికీ దణ్ణాలు. ఇవన్నీ అమ్మాయితో చదివించాను. సిస్టర్ అడగమన్నది అడిగాను. నిరుడు నానమ్మ తుంటి విరిగి మూడు నెలలు మంచంలో ఉంటే అన్నీ చేసింది నేనే కదా నాన్నా అంది. మా అమ్మ పక్కనే కూర్చుని వింది, ఏమీ మాట్లాడలేదు. సోమవారం నెల్లూరు వచ్చి రెండు కాలేజీలు, వాటి వార్డులు చూస్తాం. సిస్టర్, మీకు వీలైతే అమ్మాయి ఒకసారి మీతో మాట్లాడాలంటోంది.

నెల్లూరు సిస్టర్:
సోమవారం పొద్దున నైట్ దిగుతాను అన్నా. కాస్త నిద్రపోయి సాయంత్రం నాలుగింటికి లేస్తా. కాలేజీలు చూసుకుని ఇంటికే రండి, అమ్మను కూడా తీసుకురండి.