కుస్తీ కార్డుల జట్టు పోటీ: ట్యాగ్ నియమాలు ఈ వారంలో తేల్చేద్దాం

ఆటల కోఆర్డినేటర్

అందరికీ నమస్కారం. వార్షికోత్సవంలో ఆటల గది ఈసారి కూడా మనకే ఇచ్చారు. ఆరు టేబుళ్లు, రెండు గంటలు. ఇప్పటికి పన్నెండు జట్లు పేర్లిచ్చాయి. వాటిలో ఏడు తాతయ్య-మనవడు, అమ్మమ్మ-మనవరాలు జోడీలే. అందుకే నియమాలు మొదటినుంచీ మళ్లీ రాద్దామంటున్నాను.

నిరుడు జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఐదుగురు ఐదుగురు చొప్పున రెండు జట్లు పెట్టి, ఓడినవాళ్లు ఒక్కొక్కరుగా లేచి వెళ్లిపోయే పద్ధతిలో ఆడించాం. 1987లో సర్వైవర్ సిరీస్ అనే కుస్తీ పోటీ మొదలైనప్పటి పద్ధతే అది. టీవీలో చూడ్డానికి చాలా బాగుంటుంది. మన టేబుల్ దగ్గర మాత్రం ఎనిమిదేళ్ల బాబు ఒకడు మూడో నిమిషంలోనే ఔటయ్యాడు. ఆట ఇంకో ఇరవై అయిదు నిమిషాలు నడిచింది. వాడు లేవలేదు, ఏడవలేదు. తన కార్డులన్నీ తిరగేసి ఒకదాని మీద ఒకటి అంచులు కలిసేలా పేరుస్తూ, మళ్లీ చెరిపేసి మళ్లీ పేరుస్తూ కూర్చున్నాడు. ఆ నియమం పెట్టింది నేనే. ఆ పిల్లాడి మొహం నాకింకా గుర్తుంది.

కాబట్టి ఈసారి నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే. జట్టులో బరిలో ఉన్నవాళ్లకి ఎంత పని ఉంటుందో, తాడు బయట నిలబడ్డవాళ్లకీ అంత పని ఉండాలి. మిగతావన్నీ మీరెలా అంటే అలా మార్చుకుందాం.

అసలు ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ట్రంప్ కార్డుల్లా అంకెలు పోల్చుకునే ఆట కాదు. ఒక్కొక్కరి దగ్గర 30 కార్డుల కట్ట, చేతిలో 4 కార్డులు ఉంటాయి. దెబ్బ కార్డులు 22, తిప్పుడు కార్డులు 8. దెబ్బల్లో గుద్దు, పట్టు, విసురు అని మూడు రకాలు, ప్రతిదాని మీదా 1 నుంచి 6 దాకా బలం. మీ వంతు రాగానే ఒక కార్డు తీసుకుని ఒక దెబ్బ వేస్తారు. దాని బలం నాలుగైతే ఎదుటివాళ్లు కట్ట పైనుంచి నాలుగు కార్డులు తెరిచి పక్కన పెట్టాలి. తెరుస్తుండగా అదే రకానికి సరిపడే తిప్పుడు కార్డు పడిందా, దెబ్బ అక్కడితో ఆగిపోతుంది. చేతిలో ఉన్న తిప్పుడు కార్డైతే ముందే వేసి ఆపుకోవచ్చు. కట్ట అంటే మనిషి ఊపిరి అన్న ఈ ఆలోచన నాది కాదు. 2000లో వచ్చిన రా డీల్ అనే కుస్తీ కార్డుల ఆటలో 60 కార్డుల కట్ట ఇలాగే కరుగుతూ పోతుంది. పాచికలతో ఆడే ఆటలూ ఉన్నాయి. 1986 నాటి ఛాంపియన్స్ ఆఫ్ ది గెలాక్సీలో రెండు పాచికలు వేసి మల్లుడి కార్డులో పట్టిక చూసుకోవాలి. అది మంచి ఆటే. కానీ సన్నని పట్టికలు పెద్దవాళ్ల కళ్లకి కష్టం. కట్ట పల్చబడటం మాత్రం టేబుల్ అవతలున్నవాళ్లకి కూడా కనిపిస్తుంది.

ఇక జట్టు నియమాలకి నా ముసాయిదా. టేబుల్ మధ్యలో ఐదు గళ్ల పట్టీ ఒకటి ఉంటుంది. ఒక చివర మన మూల, ఇంకో చివర వాళ్ల మూల, మూడో గడిలో ఒక బిళ్ల. విసురు తగిలితే బిళ్ల విసిరినవాళ్ల మూలవైపు ఒక గడి జరుగుతుంది. మీ వంతులో దెబ్బ వేసే బదులు చేతిలోని ఒక కార్డు పక్కన పడేసి బిళ్లని మీవైపు ఒక గడి లాక్కోవచ్చు. బిళ్ల మీ చివరి గడిలో ఉంటేనే ట్యాగ్ చేసి, బరిలో ఉన్నవాళ్లు బయటికి పోయి బయట ఉన్నవాళ్లని లోపలికి పంపొచ్చు. ట్యాగ్ అంటే నోటితో చెప్పడం కాదు, పక్కనున్నవాళ్ల అరచెయ్యి తట్టాలి. చప్పుడు రిఫరీకి వినపడాలి.

బయట ఉన్నవాళ్లకి రెండు పనులు. తమ జట్టు వంతు వచ్చిన ప్రతిసారీ, తమ తెరిచిన కుప్పలోంచి నచ్చిన కార్డొకటి తీసి కట్ట అడుగున పెట్టుకోవచ్చు. అంటే ఊపిరి పీల్చుకుంటున్నారన్నమాట. రెండోది, చేతిలోని దెబ్బ కార్డొకటి బోర్లా పెట్టి ఉంచుకోవాలి. ట్యాగ్ తగిలి లోపలికి రాగానే దాన్ని రెట్టింపు బలంతో వేస్తారు. అది హాట్ ట్యాగ్. ఏ కార్డు పెట్టాలి, మార్చాలా వద్దా అని బయట నిలబడ్డంత సేపూ ఆలోచన నడుస్తూనే ఉంటుంది.

ఎదుటివాళ్ల కట్ట పదికి తగ్గితే, మీ వంతులో దెబ్బకి బదులు పిన్ చేయొచ్చు, అంటే కుస్తీలో భుజాలు నేలకి ఆనించి మూడు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచడం లాంటిది. వాళ్లు మూడు కార్డులు ఒక్కొక్కటిగా తెరవాలి. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి. మూడింట్లో ఏ తిప్పుడు కార్డు పడినా బయటపడ్డట్టే. పడకపోతే ఆ ఒక్కరే కాదు, జట్టంతా ఓడినట్టు. ఒకరు ముందు లేచిపోయి ఇంకొకరు మిగిలిపోవడం ఉండదు. బయట ఉన్నవాళ్లు మ్యాచ్‌కి ఒక్కసారి, చేతిలో రెండు కార్డులు పడేసి పిన్ విడగొట్టొచ్చు.

చదివి చెప్పండి. మొహమాటపడొద్దు.

టేబుల్ 4 రిఫరీ

అన్నా, చాలా బాగుంది. ట్యాగ్ అయ్యాక ఇద్దరూ కాసేపు లోపల ఉండి కలిసి కొట్టడం కూడా పెడదామా? నిజం కుస్తీలో రిఫరీ ఐదు లెక్కపెట్టేలోపు పాతవాళ్లు బయటికి పోవాలి కదా. మనం కూడా ఐదు లెక్కపెడదాం. ఆలోపు బయటికి పోయేవాళ్లు ఒక కార్డు వేసుకోవచ్చు. పిల్లలకి భలే హుషారుగా ఉంటుంది.

రిజిస్ట్రేషన్ వాలంటీర్

అక్కా, హుషారు సంగతి నిజమే. కానీ మా నాన్నగారు మా పాపతో ఆడుతున్నారు. ఆయనకి చేతులు వణుకుతాయి. ఐదు లెక్కపెట్టేలోపు నాలుగు కార్డుల్లోంచి ఒకటి లాగి టేబుల్ మీద పెట్టలేరు. కంగారులో కార్డులు కింద పడిపోతే అందరి ముందూ చిన్నబోతారు. ఆయనకి ఆట బాగా అర్థమైంది, ఏ కార్డు ఎప్పుడు వెయ్యాలో మాకంటే బాగా చెప్తున్నారు. చేతులు ఆడనందుకు ఓడిపోకూడదు కదా.

ఆటల కోఆర్డినేటర్

మీరు చెప్పింది న్యాయం. లెక్క తీసేద్దాం, ఇద్దరూ కలిసి కొట్టడం మాత్రం ఉంచుదాం. ట్యాగ్ అయిన వంతులో బయటికి పోయేవాళ్లు ఒక కార్డు వేస్తారు, లోపలికి వచ్చేవాళ్లు బోర్లా పెట్టిన కార్డు వేస్తారు. టైమ్ పెట్టం. చేతి వేగం మీద ఆధారపడే నియమం ఎక్కడ కనిపించినా చెప్పండి, తీసేస్తాను. లెక్కపెట్టడమన్నది పిన్‌కి ఒక్కదానికే ఉండనిద్దాం. అక్కడ కూడా కార్డు తెరిచాకే అంకె పలకాలి, అంకె పలికి కార్డు తెరవమని తొందరపెట్టకూడదు. రిఫరీలు ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

యూత్ వాలంటీర్

అంకుల్, మేం నలుగురం రాత్రి ముసాయిదాతో నాలుగు మ్యాచ్‌లు ఆడి చూశాం. ఒక పెద్ద లొసుగు దొరికింది. బయట ఉన్నప్పుడు కట్ట అడుగున నచ్చిన కార్డు పెట్టుకోవచ్చన్నారు కదా. నేను మూడుసార్లూ తిప్పుడు కార్డులే పెట్టాను. పిన్ జరిగేది కట్ట అడుగుకి వచ్చాకే. అక్కడ నా తిప్పుడు కార్డులు రెడీగా కూర్చున్నాయి. మూడుసార్లు పిన్ చేశారు, మూడుసార్లూ లేచాను. నాలుగో మ్యాచ్‌లో అందరూ అదే చేశారు, నలభై నిమిషాలైనా తేలలేదు.

ఇంకొకటి. నలుగురు నలుగురు చొప్పున, ఒక్కొక్కరుగా లోపలికి వచ్చే వార్ గేమ్స్ మ్యాచ్ పెడితే ఎలా ఉంటుంది? మా ఫ్రెండ్స్ అందరూ అదే అడుగుతున్నారు.

ఆటల కోఆర్డినేటర్

కన్నా, ఆడి చూసినందుకు నీకూ మీ ఫ్రెండ్స్‌కీ చాలా థ్యాంక్స్. ఈ లొసుగు నాకు తట్టనే లేదు. రెండు మార్పులు చేస్తున్నాను. బయట నిలబడ్డ ఒక్క దఫాలో నాలుగు కార్డులకి మించి వెనక్కి తీసుకోకూడదు. మళ్లీ బరిలోకి వచ్చేటప్పుడు కట్ట కలపాలి. కలిపాక ఆ తిప్పుడు కార్డులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. కలపడం కష్టమైన పెద్దవాళ్లకి జోడీలో ఉన్న పిల్లలు కలిపి ఇవ్వాలి. అదీ జట్టు పనే.

లెక్క కూడా చూశాను. 30 కార్డుల్లో తిప్పుడు కార్డులు 8 ఉంటే, కలిపిన కట్టలోంచి మూడు తెరిచినప్పుడు ఒక్కటీ పడకపోవడం నూటికి 38 సార్లు. తిప్పుడు కార్డులు ఆరే ఉంటే దాదాపు సగానికి సగం. ఆరుతో మ్యాచ్ మొదటి పిన్‌కే అయిపోయేలా ఉంది, ఎనిమిదే ఉంచుదాం. దీంట్లో ఇంకో రుచి ఉంది, పిల్లలకి తప్పకుండా చెప్పు. ఎదుటివాళ్ల తెరిచిన కుప్ప చూస్తూ ఉండాలి. కట్టలో పది కార్డులుండి వాటిలో తిప్పుడు కార్డులు మూడు మిగిలితే పిన్ పడేది నూటికి 29 సార్లే. ఒక్కటే మిగిలితే 70 సార్లు. కుప్ప చూస్తూ ఈ లెక్క వేసి చెవిలో చెప్పాల్సింది ఎవరు? బయట నిలబడ్డ మనిషే. తాతయ్యలకి ఈ పని చాలా నచ్చుతుందని నా నమ్మకం.

వార్ గేమ్స్ మాత్రం వద్దు నాన్నా. 1987లో డస్టీ రోడ్స్ అనే మల్లుడి ఆలోచనతో వచ్చిన మ్యాచ్ అది, నాకూ ఇష్టమే. అప్పటి పద్ధతిలో మొదట ఇద్దరే ఐదు నిమిషాలు తలపడతారు. తర్వాత రెండు నిమిషాలకొకరు లోపలికి వస్తారు. నలుగురు నలుగురైతే ఐదో నిమిషానికి మూడో మనిషి, అలా చివరి మనిషి వచ్చేసరికి పదిహేనో నిమిషం. అంతసేపు ఒక పిల్లనో పిల్లాడినో ఖాళీగా కూర్చోబెట్టాలి. నిరుడు చేసిన పొరపాటే మళ్లీ అవుతుంది. పోటీ అయ్యాక మీ పెద్దపిల్లలు విడిగా ఆడుకుంటామంటే కార్డులు ఇస్తాను, నేనూ వచ్చి కూర్చుంటాను.

టైమ్ చూసే వాలంటీర్

మరి మ్యాచ్ ఎంతసేపు? నలభై నిమిషాలంటే విని గుండె ఆగినంత పనైంది. మనకున్నది రెండే గంటలు. పన్నెండు జట్లు, ప్రతి జట్టుకీ కనీసం మూడు మ్యాచ్‌లు దొరకాలంటే మొత్తం 18 మ్యాచ్‌లు. ఆరు టేబుళ్ల మీద మూడు రౌండ్లు. రౌండుకి అరగంట, చివర్లో ఫైనల్‌కి అరగంట. మారడానికి, కార్డులు సర్దడానికి పది నిమిషాలు పోతే మ్యాచ్‌కి ఇరవయ్యే మిగులుతాయి. ఇరవై నిమిషాలకి ఎవరి కట్టలో ఎక్కువ కార్డులుంటే వాళ్లే గెలిచినట్టు అందామా?

ఆటల కోఆర్డినేటర్

ఇరవై నిమిషాలకి నేను సరే. కానీ కార్డులు లెక్కపెట్టడమొక్కటే ఉంటే ముందున్న జట్టు చివర్లో ట్యాగులు చేసుకుంటూ, ఊపిరి పీల్చుకుంటూ గడిపేస్తుంది. అందుకని పదిహేనో నిమిషానికి గంట కొడదాం. గంట తర్వాత బయట ఉన్నవాళ్లు కార్డులు వెనక్కి తీసుకోవడం బంద్. కట్టలో ఎన్ని కార్డులున్నా సరే, పిన్ చేయొచ్చు. ఆఖరి ఐదు నిమిషాలూ రెండు జట్లూ కొట్టుకోక తప్పదు. అప్పటికీ తేలకపోతే జట్టులో ఇద్దరి కట్టలూ కలిపి లెక్కపెడదాం. గంట తర్వాత నలుగురూ ఒకేసారి బరిలోకి దిగే టోర్నడో పద్ధతి కూడా అనుకున్నాను గానీ ఎవరి వంతో తెలియక చిన్నపిల్లలు తికమకపడతారు.

రిజిస్ట్రేషన్ వాలంటీర్

ఇప్పుడే ఒకమ్మ ఫోన్ చేసింది. ముగ్గురు పిల్లలట, ఎవర్ని వదిలినా ఏడుస్తారట. పన్నెండు జోడీల్లో ఒకటి వాళ్లదే, మూడో పిల్లని కూడా కలుపుకోవచ్చా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

ఆటల కోఆర్డినేటర్

తప్పకుండా రమ్మనండి. జట్టుకి మొత్తం 60 కార్డులు కదా, ముగ్గురూ తలా 20 తీసుకుంటారు. తిప్పుడు కార్డులు 16ని ఐదు, ఐదు, ఆరుగా పంచుకోవాలి. బయట ఇద్దరుంటారు కాబట్టి వంతుకి వాళ్లిద్దరిలో ఒక్కరే కార్డు వెనక్కి తీసుకోవాలి, లేకపోతే ఎదుటి జోడీకి అన్యాయం. మూడో మనిషికి ఇంకో దారి కూడా ఇద్దాం. మెక్సికో కుస్తీ లూచా లిబ్రేలో ఒకరు బరి బయటికి పోతే, చెయ్యి తట్టకపోయినా జట్టులో ఇంకొకరు లోపలికి రావచ్చు. ఈ జట్టుకి కూడా బలం 6 ఉన్న విసురు తగిలితే బయట పడ్డట్టే, ఇంకొకరు ట్యాగ్ లేకుండా రావచ్చు. ఆ టేబుల్‌కి కొంచెం ఓపికున్న రిఫరీ కావాలి. టేబుల్ 4 అక్కా, మీరు చూస్తారా?

టేబుల్ 4 రిఫరీ

చూస్తాను అన్నా. ఇంకో మాట. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవటం రాదు. పెద్దవాళ్లలో కొందరికి ఇంగ్లిష్ కష్టం. కార్డుల మీద ఏ భాష?

ఆటల కోఆర్డినేటర్

తెలుగే. మెడపట్టు, నడుంపట్టు, కాలడ్డం, భుజం గుద్దు, ఎత్తి కుదేయడం, ఇలా. పిల్లల కోసం రకానికొక బొమ్మ పెడుతున్నాం. గుద్దుకి పిడికిలి, పట్టుకి రెండు చేతులు, విసురుకి వంగిన బాణం. బొమ్మా అంకే చూస్తే చాలు, ఆట ఆగదు. పేరు మాత్రం జోడీలో ఉన్న పెద్దవాళ్లు పైకి చదవాలి, పిల్లలు కార్డు వేస్తూ దాన్ని తిరిగి పలకాలి. ట్రయల్‌లో ఒక పాప "ఎత్తి కుదేస్తున్నా" అని అరిచి కార్డు వేసింది. వాళ్ల అమ్మమ్మ ఎంత మురిసిపోయిందో!

టీవీలో కనిపించే మల్లుల పేర్లూ ఫొటోలూ వాడొద్దు, అవి వేరేవాళ్ల సొత్తు. ప్రతి జట్టూ తమ మల్లుణ్ని తామే గీసుకుని పేరు పెట్టుకుని రావాలి.

ప్రింటింగ్ వాలంటీర్

టేబుల్‌కి నాలుగు కట్టలు, 120 కార్డులు. ఆరు టేబుళ్లకి 720. 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 ఎత్తు పెడితే ఏ4 షీటుకి తొమ్మిది పడతాయి, 80 షీట్లు. మామూలు పేపర్ వద్దు. వెలుతురులో పట్టుకుంటే వెనకనుంచి బొమ్మ కనిపిస్తోంది, మొత్తం ఆటే పాడవుతుంది. మందం షీట్లు తెస్తున్నాను. కత్తిరించడానికి నలుగురు కావాలి. అంకె ఎంత పెద్దది పెట్టమంటారు?

రిజిస్ట్రేషన్ వాలంటీర్

మీరు పంపిన నమూనా మా నాన్నగారికి చూపించాను. కళ్లజోడు తీసేసి, చెయ్యి బారుగా చాపి చూశారు. అంకె కనపడుతోంది కానీ 6కీ 9కీ తేడా తెలియట్లేదన్నారు. బలం ఆరుదాకానే అని చెప్పాను. "తలకిందులుగా పట్టుకుంటే నాకెలా తెలుస్తుందమ్మా, కింద ఒక గీత పెట్టమను" అన్నారు. కత్తిరించడానికి నేనూ ఆయనా వస్తాం.

ప్రింటింగ్ వాలంటీర్

గీత పెట్టేశాను. అంకె రెండు మూలల్లోనూ వేశాను, చేతిలో విసనకర్రలా పట్టుకున్నా కనిపిస్తుంది. ఇంకో ఇద్దరు కావాలి.

యూత్ వాలంటీర్

మేమిద్దరం వస్తాం అంకుల్. కత్తిరించాక ఒక మ్యాచ్ ఆడిస్తారా? రిజిస్ట్రేషన్ ఆంటీ వాళ్ల నాన్నగారు, నేను ఒక జట్టు. ఆయన బయట నిలబడి లెక్క చెప్పాలి.