హాఫ్‌పైప్‌లో 1080 ఎలా లెక్కపెట్టాలి?

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ మహిళల స్నోబోర్డ్ హాఫ్‌పైప్ (U ఆకారపు మంచు కాలువ గోడల మీంచి బోర్డుతో ఎగిరి తిరిగే పోటీ) ఫైనల్ వీడియో చూస్తున్నాను. 98.25 పాయింట్లు వచ్చిన మూడో రన్‌లో అమెరికా స్నోబోర్డర్ క్లోయీ కిమ్ వరుసగా రెండు 1080లు చేసింది. అంటే ఒక్కోదానికి 1080 డిగ్రీలు, మూడు పూర్తి చుట్లు. అక్కడే నా లెక్క తప్పుతోంది.

బిగ్ ఎయిర్‌లో (ఒకే పెద్ద ర్యాంప్ మీంచి ముందుకు ఎగిరి దిగే పోటీ) నాకు ఇబ్బంది లేదు. ఎగిరేటప్పుడు ఏ కాలు ముందుంటే దిగేటప్పుడూ అదే ముందుంటే 720 లేదా 1080, కాలు మారితే 900. హాఫ్‌పైప్‌లో ఇదే పద్ధతి పెడితే మొదటి 1080లోనే కాలు మారిపోయి కనిపిస్తోంది. నా లెక్కలో అది 900 కావాలి, లేదంటే 1260.

వీడియోని 0.25 వేగంలో పెట్టి భుజాలు చూస్తూ లెక్కపెట్టాను. గాల్లో ఆమె నిటారుగా తిరగదు, ఒక పక్కకి వాలిపోయి తిరుగుతుంది. సగం చుట్టు దగ్గర తల కిందికి పోయాక భుజాలు ఎటున్నాయో తేలదు. బోర్డు ముక్కు చూద్దామంటే రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి! ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూసినా గోడ అంచు దాటే క్షణంలో కెమెరా కోణం మారిపోతోంది. 2022 బీజింగ్‌లో ఆమెకు 94.00 తెచ్చిన రన్ చూసినా ఇదే తంతు.

గోడ పైకి వెళ్లి మళ్లీ అదే గోడ మీదికి దిగడం వల్ల, అంటే ప్రయాణ దిశే తిరగబడడం వల్ల తేడా వస్తోందేమో అని ఒక అనుమానం. కామెంటరీ వినకుండా, దిగినప్పుడు ముందున్న కాలును బట్టి హాఫ్‌పైప్‌లో 900నీ 1080నీ ఎలా వేరు చేయాలి?