సీఎన్‌సీ రౌటర్‌కి రోటరీ ఇండెక్సర్: మోటరు పెట్టాలా, చేత్తో తిప్పేది చాలా?

నా సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే మెషిన్) కంట్రోలర్‌లో ఎక్స్, వై, జెడ్ అనే మూడు యాక్సిస్‌లే (కదలిక దిశలే) ఉన్నాయి. టేబుల్ కాళ్లకు నాలుగు వైపులా డిజైన్ చెక్కాలి. చెక్క తిరుగుతుండగా కోయనక్కర్లేదు. రోటరీ ఇండెక్సర్‌తో, అంటే చెక్కను పట్టుకుని కావలసిన కోణానికి తిప్పే పరికరంతో, 90 డిగ్రీలు తిప్పి, ఆపి, చెక్కితే చాలు.

వై మోటరు కేబుల్ పీకి రోటరీకి తగిలించమని చాలామంది అంటున్నారు. లెక్క సులువే: మోటరు చుట్టుకు 200 స్టెప్పులు, మైక్రోస్టెప్పింగ్ (ఒక్కో స్టెప్పును చిన్న భాగాలు చేయడం) 8, బెల్ట్ రేషియో 6:1, అంటే చెక్క ఒక చుట్టుకు 9600 స్టెప్పులు, డిగ్రీకి 26.667. కానీ అలా చేస్తే వై కదలికే పోతుంది కదా! చదునైన ముఖం మీద పాకెట్ (అడుగు చదునుగా ఉండే గుంట) ఎలా కోస్తారు?

అందుకే చేత్తో తిప్పి, రంధ్రంలో పిన్ను గుచ్చి ఆపే 24 రంధ్రాల ఇండెక్స్ ప్లేట్ మేలేమో అనిపిస్తోంది. పిన్ను బిగుతుగా కూర్చుంటే కోత ఒత్తిడికి చెక్క కదలదు. బెల్ట్ మీద నాకంత నమ్మకం లేదు.

అసలు టెన్షన్ అలైన్‌మెంట్‌తోనే. స్పిండిల్‌కి (కోసే బిట్టును తిప్పే భాగం) డయల్ గేజ్ (సన్న తేడాలు చూపే కొలత పరికరం) బిగించి, చక్‌కీ (చెక్క ఒక కొసను పట్టి తిప్పేది) టెయిల్‌స్టాక్‌కీ (రెండో కొసను ఆనించేది) మధ్య పట్టిన గుండ్రటి రాడ్డు పైనా పక్కనా ఎక్స్ దిశలో నడిపి చూస్తే సరిపోతుందా? జెడ్ జీరో (ఎత్తు కొలతకు సున్నా) చెక్క తిరిగే మధ్య గీత దగ్గర పెట్టుకోవాలా, చెక్క పైముఖం మీదా? ఇలాంటిది వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.