స్క్రిప్ట్ ఏఐతో రాయించా, గండిపేట దగ్గర పరువు పోయింది

ముషీరాబాద్ కుర్రాడు:

పాత హైదరాబాద్ మీద నాకో చిన్న యూట్యూబ్ చానల్ ఉంది. పగలంతా ఆబిడ్స్‌లో అకౌంట్స్ ఉద్యోగం, రాత్రి పదింటికి కూర్చుంటే ఎడిటింగ్. వారానికో వీడియో అంటే ప్రాణం మీదికొస్తోందని రెండు నెలలుగా స్క్రిప్ట్ ఏఐకి అప్పజెప్పా.

పోయిన వారం 1908 మూసీ వరద మీద వీడియో పెట్టా. అందులో ఏఐ రాసిన ఒక వాక్యం: ‘గండిపేట గేట్లు ఎత్తేయడంతో మూసీ ఉప్పొంగింది.’ ఎంత ధీమాగా రాసిందంటే అనుమానమే రాలేదు, చదివేశా. పొద్దున లేచేసరికి ఒక పెద్దాయన కామెంట్. ‘బాబూ, ఆ వరద వచ్చింది కాబట్టే తర్వాత గండిపేట కట్టారు. పూర్తయింది 1920లో. లేని చెరువుకి గేట్లు ఎవరెత్తారు?’ నా వీడియో కంటే ఆ కామెంట్‌కే లైకులెక్కువ.

సిగ్గుచేటు ఏంటంటే, ఇది నాకు తెలిసిన విషయమే. బస్సులో అఫ్జల్‌గంజ్ దాటినప్పుడల్లా మా తాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు గురించి చెప్పేవాడు. వరద రోజు దానిమీదికెక్కి నూటయాభై మంది దాకా బతికారని. ఆ చెట్టు నా వీడియోలో లేదు! ఏఐ రాయలేదు, నాకూ గుర్తు రాలేదు.

ఇంకోటి. వరద బొమ్మ కూడా ఏఐతోనే చేయించా, బ్లాక్ అండ్ వైట్‌లో, అచ్చం పాత ఫొటోలా. ‘ఇది ఎక్కడ దొరికింది అన్నా?’ అని ఒకబ్బాయి అడిగాడు. ఇంకా జవాబివ్వలేదు. టెన్షన్‌గా ఉంది. ఏఐ పూర్తిగా మానెయ్యాలా? మానేస్తే వారానికో వీడియో నా వల్ల కాదు. మీరంతా ఎంతవరకు వాడుతున్నారు?

కూకట్‌పల్లి వంటిల్లు:

మానెయ్యక్కర్లేదు తమ్ముడూ. నేనూ రోజూ వాడతా. కానీ ఒక ఆవకాయ పాఠం అయ్యాక పద్ధతి మార్చుకున్నా.

పోయిన వేసవిలో ఆవకాయ వీడియోకి స్క్రిప్ట్ అడిగితే, ‘పిండి బాగా పట్టడానికి కాసిని నీళ్లు చల్లి కలపండి’ అని రాసింది. ఆవకాయలో నీళ్లు! కాయలు కడిగి, బట్టతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే కదా ముక్కలు కొట్టేది. తడి తగిలితే బూజు పడుతుంది. అది చదివి ఉంటే మా అత్తగారు జాడీ తెచ్చి నా నెత్తిన పెట్టేది. పట్టుకున్నా కాబట్టి సరిపోయింది. నాకు తెలియని వంటైతే ఎలా పట్టుకునేదాన్ని?

ఇప్పుడు ముందు నేనే మాట్లాడతా. కూరగాయలు తరుగుతూ ఫోన్‌లో పది నిమిషాలు వాగేస్తా, వరస ఉండదు. దాన్ని అక్షరాల్లోకి మార్చమంటా. తర్వాత ‘నువ్వు రాయకు, వినేవాళ్లకి ఎక్కడ అర్థం కాదో మాత్రం అడుగు’ అంటా. మంచి ప్రశ్నలు వేస్తుంది, అబద్ధం చెప్పను. ‘ఆవపిండి ఎంత?’ అని అడిగింది, నిజంగానే నేను చెప్పడం మర్చిపోయా. జవాబు మాత్రం మా అత్తగారి దగ్గర తెచ్చుకున్నా.

టైటిళ్లు, ఇంగ్లీష్ సబ్‌టైటిళ్లు, డిస్క్రిప్షన్ దానికే వదిలేస్తా. నువ్వైతే సంవత్సరం, ఊరు, మనిషి పేరు ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీసుకో. అవి పుస్తకంలో చూసి సరిచేశాకే మైకు ముందు కూర్చో. చింతచెట్టు లాంటివి అది ఎలాగూ ఇవ్వదు, అవి నీ దగ్గరే ఉన్నాయి.

మెహదీపట్నం ఎడిటర్:

అక్క చెప్పిందాంతో ఏకీభవిస్తా, ఆ బొమ్మ సంగతొక్కటి నేను చెప్తా. నిజమనిపించేలా ఏఐతో చేసిన దృశ్యం వాడితే ఆ సంగతి చెప్పాలని యూట్యూబ్ 2024 మార్చి నుంచి అడుగుతోంది. అప్‌లోడ్ చేసేటప్పుడు దానికో ఆప్షన్ ఉంటుంది. స్క్రిప్ట్‌లో సాయం తీసుకున్నా, బొమ్మ కార్టూన్‌లా ఉన్నా అక్కర్లేదు. నీది పాత ఫొటోలా ఉందంటున్నావు, చెప్పాల్సిందే. ఆ అబ్బాయికి ఈ రాత్రే నిజం చెప్పెయ్ భయ్యా, రేపటికి ఇంకా కష్టమవుతుంది.

గండిపేట వాక్యం కోసం వీడియో తీసెయ్యకు. యూట్యూబ్ స్టూడియోలో ఆ ముక్క వరకు ట్రిమ్ చెయ్, లింక్ మారదు.

ఇంకో మాట. మూసలో పోసినట్టు గుట్టగా చేసి పడేసే వీడియోలకి డబ్బులు ఇవ్వబోమని యూట్యూబ్ వాళ్లు 2025 జులైలో నియమం మాటలు మార్చి మరీ స్పష్టం చేశారు. కాబట్టి వారానికొకటి అనే లెక్క నీకు ఎవరు పెట్టారో ఆలోచించు. పదిహేను రోజులకొకటి వేస్తే ఎవరైనా కొడతారా?

ముషీరాబాద్ కుర్రాడు:

అక్కా, భయ్యా, థాంక్స్. ఆ అబ్బాయికి చెప్పేశా. ‘ఓ, అలాగా’ అన్నాడంతే. రెండు రోజులు నిద్ర పాడుచేసుకున్నది దీనికా! పెద్దాయన కామెంట్ పిన్ చేశా, ముక్క కత్తిరించా. ఆయన వాళ్ల నాన్న చెప్పిన వరద కబుర్లు ఇంకా ఉన్నాయట, ఇంటికి రమ్మన్నారు.

ఆదివారం చింతచెట్టు దగ్గరికెళ్లి ఫోన్‌లో పదకొండు నిమిషాలు మాట్లాడా. పక్కన ఆటో హారన్లు, ఒక పేషెంట్ తాలూకు వాళ్లు టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చున్నారు. అక్షరాల్లోకి మార్చమంటే గండిపేటని ఐదు చోట్ల ‘గుండె పేట’ అని రాసింది. దిద్దుతున్నా.