నల్లగొండలో ఇంటికి, ముందరి దుకాణానికి పాలిష్డ్ కాంక్రీట్ నేల: ఉన్న బెడ్డు మీదనే చేయించవచ్చా?

నల్లగొండ_కొత్తిల్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నల్లగొండ శివార్లలో, మిర్యాలగూడ వెళ్లే దారిలో ఇల్లు కట్టుకుంటున్నాము. ముందు రెండు షట్టర్ల దుకాణం, దాని వెనుక మేముండే ఇల్లు. దుకాణాన్ని టిఫిన్ సెంటరుకు అద్దెకిస్తామని మాట ఇచ్చాము. గోడలు, స్లాబు అయిపోయాయి. లోపల మొరం నింపి, దిమ్మిస కొట్టించి, దాని మీద నాలుగు అంగుళాల బెడ్ కాంక్రీటు వేయించాము. అప్పటికి టైల్స్ వేయాలనే ఉద్దేశం.

ఈ మధ్య హైదరాబాదులో ఒక షోరూములో టైల్స్ ఏమీ లేకుండా కాంక్రీటునే అద్దంలా మెరిసేట్టు పాలిష్ పట్టిన నేలను చూసి, మన దగ్గర కూడా అలా చేయించుకోవచ్చునా అని ఆలోచన మొదలైంది. మా మేస్త్రీ మాత్రం ఉన్న బెడ్డు మీదనే మిషను తిప్పిస్తే చాలునని, టైల్స్ డబ్బు మొత్తం మిగులుతుందని చెబుతున్నారు. మా నాన్నగారు తాండూరు బండలు వేయించమని పట్టుబడుతున్నారు. మేస్త్రీ చెప్పినది సాధ్యమేనా? మన ఎండలకు ఆ నేల పగుళ్లు ఇవ్వదా? దుకాణానికి, ఇంటికి రెండింటికీ అది పనికివస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

పాలమూరు_సివిల్

ఆ బెడ్డు మీద మిషను పెట్టించకండి. టైల్స్ కిందికి మనవాళ్లు వేసే బెడ్ కాంక్రీటు సాధారణంగా 1:4:8 పాళ్లలో, 40 ఎంఎం కంకరతో ఉంటుంది. అందులో సిమెంటు తక్కువ, ఖాళీలు ఎక్కువ. టైల్స్ బరువును మోయడానికి అది చాలును గానీ, మిషనుకు బిగించే డైమండ్ సెగ్మెంట్లు (వజ్రపు పొడి కలిపిన అరగదీత పళ్లు) తిరిగితే కంకర రాళ్లు అరగడానికి బదులు ఊడివస్తాయి. ఆ గుంతలను ఎంత పూడ్చినా మచ్చలుగానే కనబడతాయి.

పాలిష్డ్ కాంక్రీట్ అంటే పైన పూసే పూత కాదన్న సంగతి ముందుగా గ్రహించాలి. ఎపాక్సీ అయితే పైన వేసే పొర. ఇక్కడ కాంక్రీటునే పై నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీసి, ముతక గ్రిట్ నుంచి సన్న గ్రిట్ వరకు వరుసగా రుద్దుతారు (గ్రిట్ అంటే రాపిడి గరుకుదనం; సంఖ్య పెరిగేకొద్దీ సన్నం). మొదట 30, 60, 120 వంటి మెటల్ సెగ్మెంట్లు, తరువాత 100 నుంచి 800, 1500, కావాలంటే 3000 వరకు రెజిన్ ప్యాడ్లు వాడతారు. మధ్యలో, సుమారు 200 గ్రిట్ దగ్గర, డెన్సిఫయర్ అనే ద్రావణాన్ని తాగిస్తారు. సోడియం లేదా లిథియం సిలికేట్‌తో చేసిన ఆ ద్రావణం కాంక్రీటులో మిగిలి ఉన్న సున్నంతో కలిసి, సిమెంటుకు బలాన్నిచ్చే పదార్థమే మరికొంత ఏర్పడేట్టు చేస్తుంది. పైపొర గట్టిపడి దుమ్ము రాలడం ఆగేది దీనివల్లనే. లోపల ఉన్న కాంక్రీటు నాణ్యత ఎంతో, పైన మెరుపు అంతే.

కాబట్టి మీకు ఉన్న దారి ఒక్కటే. ఇప్పటి బెడ్డును అలాగే ఉంచి, దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరిచి, కొత్తగా 75 నుంచి 100 ఎంఎం మందాన ఎం25 లేదా ఎం30 గ్రేడు (బలమైన రకం) కాంక్రీటు వేయించాలి. షీటు ఎందుకంటే, నల్లగొండ వైపు చౌడు ఉన్న చోట్ల నేలలోని తేమతో పాటు ఉప్పు పైకి వచ్చి తెల్లగా పూస్తుంది. పాలిష్ పట్టిన నేలలో అది దాచినా దాగదు. అయితే మందం పెరిగినంత మేర నేల ఎత్తు కూడా పెరుగుతుంది కాబట్టి, తలుపుల ఎత్తు, షట్టర్ కింది గడప, బాత్రూముల వాలు ముందుగా కొలుచుకోండి. అవి సర్దుకోకపోతే ఈ ఆలోచన మానుకోవడమే మేలు.

ఎండల గురించి అడిగారు. ఇంటి లోపలి నేల ఎండకు పగలదు. వేసిన మొదటి రోజుల్లో నీరు త్వరగా ఆవిరైపోవడం వల్ల పగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వేయక తప్పదంటే సాయంత్రం మొదలుపెట్టి, కిటికీ ఖాళీలకు పరదాలు కట్టి గాలిని ఆపండి. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం వేడి, పొడి వాతావరణంలో క్యూరింగ్ (నీళ్లతో తడిగా ఉంచడం) 10 రోజులకు తగ్గకూడదు, పీపీసీ (ఫ్లైయాష్ కలిపినది) వంటి మిశ్రమ సిమెంటుకు 14 రోజులు మంచిది. మనకు దొరికేది ఎక్కువగా పీపీసీయే.

జడ్చర్ల_ఫ్లోరింగ్

నేను గోదాములకు, చిన్న ఫ్యాక్టరీలకు ట్రిమిక్స్ నేలలు (వాక్యూముతో అదనపు నీటిని లాగేసి గట్టిపరిచేవి), పాలిషింగ్ పనులు చేయిస్తుంటాను. పై సమాధానంతో ఏకీభవిస్తూ, పని జరిగే చోట పాడయ్యే విషయాలు కొన్ని చెబుతాను.

మన మేస్త్రీలకు కాంక్రీటు మీద నీరు తేలగానే పొడి సిమెంటు చల్లి కరణెతో నున్నగా రుద్దే అలవాటు ఉంది. మామూలు గచ్చుకు అది చూపుకు బాగుంటుంది గానీ, పాలిష్ పట్టబోయే నేలకు అంతకంటే చేటు లేదు. ఆ పైపొర బలహీనమై, మిషను తిరిగేటప్పుడు చెక్కులుగా లేస్తుంది. తేలిన నీరు ఆరేవరకు ఆగి పవర్ ట్రోవెల్‌తో (మిషను కరణెతో) గట్టిపరచాలి. క్యూరింగుకు ఎర్రమట్టితో కట్టలు కట్టడం, వరిగడ్డి పరిచి నీళ్లు పోయడం కూడా వద్దు. ఎర్రమట్టి కట్టల గీతలు, గడ్డి దిగిన గోధుమరంగు మరకలు లోతుగా అరగదీస్తే తప్ప పోవు. ఇసుక, సిమెంటు కలిపిన సన్న కట్టలు కట్టి నీళ్లు నిలపండి. బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే ట్యాంకరు నీళ్లు తెప్పించుకోండి.

జాయింట్ల (పగులు అడ్డదిడ్డంగా రాకుండా నేలలో కోసే గీతల) సంగతి ఎవరూ అడగరు, చివరికి గొడవలన్నీ అక్కడే వస్తాయి. 100 ఎంఎం మందానికి రెండున్నర నుంచి మూడు మీటర్లకు ఒకటి చొప్పున, మందంలో నాలుగో వంతు లోతుతో, కాంక్రీటు గట్టిపడిన వెంటనే, ఆలస్యమైనా మరునాటిలోగా కోయించాలి. పిల్లర్ల చుట్టూ, గోడల వెంబడి థర్మాకోల్ పట్టీ పెట్టి నేలను విడదీయాలి. అతుకులు లేని నేల అని మీరు షోరూములో చూసిన దానికి కూడా ఈ గీతలు ఉండే ఉంటాయి, మెరుపులో మీ కంటికి ఆనలేదు. ఇన్ని చేసినా వెంట్రుకవాసి పగుళ్లు ఒకటి రెండు రావచ్చు. ఒక్క పగులు కూడా ఉండకూడదనుకునేవారు టైల్స్ వేయించుకోవడమే మంచిదని నేను ముందే చెప్పేస్తాను.

కాంక్రీటు వేసిన 28 రోజుల తరువాతనే మిషను తేవాలి. పెద్ద మిషన్లకు త్రీఫేజ్ కరెంటు కావాలి. మీకు సింగిల్ ఫేజ్ కనెక్షనే ఉంటే జనరేటరు అద్దె లెక్కలో వేసుకోండి. చిన్న ఇంటికైనా, పెద్ద గోదాముకైనా మిషన్ల రవాణా ఖర్చు ఒకటే కాబట్టి, అడుగుకు పడే రేటు ఇంటికి ఎక్కువవుతుంది. కొత్త కాంక్రీటు, పాలిషింగ్ కలిపి చూస్తే టైల్స్ కంటే చవక అన్న మాట మీ విషయంలో నిలవదు.

ఇంకొక మాట. మన క్రషర్ల కంకర గ్రానైటు, అందులో క్వార్ట్జ్ ఉంటుంది. పొడిగా రుద్దినప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. దుమ్మును లాగే వాక్యూమ్ లేకుండా, ముఖానికి తువ్వాలు కట్టుకుని పనిచేసే బృందానికి పని ఇవ్వకండి. నీళ్లతో రుద్దిస్తే వచ్చే బూడిదరంగు బురదను డ్రైనేజీలోకి వదిలితే పైపులు పూడుకుపోతాయి.

దేవరకొండ_గృహిణి

మా ఇంట్లో హాలుకు, వరండాకు ఈ నేలే ఉంది. ఊడ్చడం, తుడవడం సులువు; టైల్స్ సందుల్లో పేరుకునే నలుపు దీనికి లేదు; వేసవిలో కాళ్లకు చల్లగా ఉంటుంది. కానీ పులుపు పడితే మాత్రం మచ్చ పడుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, బత్తాయి రసం, ఏదైనా కాసేపు అలాగే ఉంటే అక్కడ మెరుపు చచ్చి పాలిపోతుంది. సీలర్ (మరకలు త్వరగా దిగకుండా పైన పూసే ద్రవం) పూస్తే తుడుచుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది, అంతే. బాత్రూము కడిగే యాసిడ్‌ను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. వంటింట్లో వద్దని మేము ముందే అనుకుని గ్రానైటు వేయించాము. టిఫిన్ సెంటరంటే సాంబారు, పచ్చళ్లు, నూనె రోజూ పడేవే కదా, అద్దెకున్నవారు మనంత జాగ్రత్తగా తుడుస్తారా అన్నది మీరు ఆలోచించుకోండి. మీ నాన్నగారు చెప్పినట్టు తాండూరు బండలైతే ఈ బెడద ఉండదు.

పాలమూరు_సివిల్

అమ్మా, వంటింటి గురించి మీరు చెప్పినది సరైనదే. తాండూరు బండ విషయంలో మాత్రం చిన్న సవరణ. అది కూడా సున్నపురాయే కాబట్టి పులుపు, యాసిడ్ దాని మెరుపునూ తింటాయి. తేడా ఏమంటే, మచ్చపడ్డ బండను మన ఊళ్లోని పాలిష్ మనిషే మళ్లీ రుద్దగలడు, పగిలిన బండను ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. ఆ సౌలభ్యం దృష్ట్యా వారి నాన్నగారి మాటలో బలం ఉంది.

నల్లగొండ_కొత్తిల్లు

అందరికీ ధన్యవాదాలు. కొలిచి చూశాము. ఇంట్లో తలుపుల చట్రాలు ఇప్పటికే బిగించాము కాబట్టి మూడు అంగుళాలు లేపే వీలు లేదు. అక్కడ తాండూరు బండలు, వంటింట్లో గ్రానైటు అని నిశ్చయించుకున్నాము. దుకాణంలో ఎత్తు సరిపోతుంది. వంట చేసే వెనుక భాగాన్ని టైల్స్‌కు వదిలి, జనం కూర్చునే ముందు భాగం వరకే పాలిష్డ్ కాంక్రీట్ చేయిద్దామనుకుంటున్నాము. వానాకాలంలో తడికాళ్లతో వచ్చేవారు జారిపడకుండా ఏ గ్రిట్ దగ్గర ఆపాలి? తరువాత వేసే పై అంతస్తులో కూడా ఇదే చేయించవచ్చా?

జడ్చర్ల_ఫ్లోరింగ్

దుకాణానికి 400 దగ్గర ఆపండి. మెరుపు తక్కువైనా తడిలో కాలు నిలుస్తుంది. షట్టర్ లోపలి వైపున కాళ్లు తుడుచుకునే మందపాటి పట్టా ఒకటి ఉండాలని అద్దె కాగితంలోనే రాయించండి. కాళ్లకు అంటుకుని వచ్చే ఇసుకే మెరుపును ముందుగా అరగదీస్తుంది. రంగులు, స్కర్టింగ్ పని పాలిషింగ్ అయిన తరువాతనే పెట్టుకోండి.

పాలమూరు_సివిల్

పై అంతస్తుకు నా సలహా వద్దనే. స్లాబు పైభాగం ఎప్పుడూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్ని సమం చేసేంతగా అరగదీస్తే కడ్డీల మీద ఉండాల్సిన 20 ఎంఎం కవరు (కడ్డీలను కప్పే కాంక్రీటు మందం) తగ్గిపోతుంది. అలా కాదని పైన 50 ఎంఎం కాంక్రీటు వేస్తే చదరపు మీటరుకు సుమారు 120 కిలోల బరువు అదనంగా పడుతుంది. మీ స్లాబు డిజైనులో ఫ్లోరింగు బరువు ఎంత పట్టారో డ్రాయింగు చేసిన ఇంజనీరును అడిగి, ఆ సంఖ్య చేతికి వచ్చాకనే దాని గురించి ఆలోచించండి.