బొమ్మల పెట్టె పేటెంటు: "పిల్లల చేతిలో ఇమిడే" అన్న మాట స్పష్టమైనదేనా?

ఏటిగట్టు:
అమెరికాలో దాఖలు చేయడానికి సిద్ధం చేసిన ఒక బొమ్మల పెట్టె పేటెంటు ముసాయిదాను చదివాను. అందులో మొదటి క్లెయిము (హక్కు ఎంతవరకో చెప్పే వాక్యం) సారాంశం ఇది: "బొమ్మలు ఉంచుకొనే ఒక పెట్టె, దానికి మడతబందుతో అమర్చిన మూత, ఆ మూతకు చిన్నపిల్లల చేతిలో ఇమిడే పరిమాణం గల పిడి, సదరు గడియ మూతను దాదాపు బిగుతుగా పట్టి ఉంచును." ఇది స్పష్టంగా లేదని నా అభిప్రాయం. రెండేళ్ల పాప చేయి, పదేళ్ల పిల్లవాడి చేయి ఒకటి కావు. పొలం దస్తావేజులో నాలుగు హద్దులు ఎందుకు రాస్తామో, పేటెంటులో క్లెయిములు అందుకే రాస్తాం. తన గట్టు ఎక్కడ వేసుకోవాలో పొరుగు రైతుకు తెలియకపోతే ఆ దస్తావేజు తగాదాకు తప్ప దేనికీ పనికిరాదు.

చెక్కపని:
ఏటిగట్టు గారూ, కొలత అంకెల్లోనే ఉండాలన్న నియమం లేదు. 1986లో ఆర్థోకైనెటిక్స్ కేసులో, చక్రాల కుర్చీ ముందుభాగం "కారు తలుపు చట్రానికీ సీటుకూ మధ్య ఖాళీలో దూరగల కొలతతో" ఉండాలన్న క్లెయిమును అమెరికాలో పేటెంటు అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు స్పష్టమైనదిగానే అంగీకరించింది. కార్లు రకరకాలుగా ఉన్నా, ఆ పని తెలిసినవాడు తాను ఎంచుకున్న కారును కొలుచుకోగలడు కదా. పిల్లల చేయి విషయంలోనూ అంతే.

ఏటిగట్టు:
కారు ఎదురుగా ఉంటుంది, కొలవవచ్చు. పెట్టెను ఏ పిల్ల వాడుతుందో తయారీదారుకు ఎలా తెలుస్తుంది? 1989 నాటి బ్రమ్మర్ నిర్ణయంలో, సైకిలు చక్రాల మధ్య దూరాన్ని "ఎవరి కోసం ఆ సైకిలు రూపొందిందో ఆ వ్యక్తి ఎత్తులో" ఇంత శాతమని చెప్పిన క్లెయిమును అమెరికా పేటెంటు కార్యాలయపు అప్పీళ్ల బోర్డు అస్పష్టమని తేల్చింది. ఆపైన 2014లో నాటిలస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆ రంగంలో నైపుణ్యం ఉన్నవారికి ఆవిష్కరణ పరిధి సహేతుకమైన నిశ్చయంతో తెలియాలని చెప్పి, అంతకుముందున్న, ఏ విధంగానూ తేల్చలేనంత అస్పష్టంగా ఉంటేనే క్లెయిము చెల్లదన్న సడలింపును తొలగించింది.

మేధోహక్కు:
మీరిద్దరూ పిడి దగ్గరే ఆగిపోయారు. నాకు అంతకన్నా పెద్ద లోపం "సదరు గడియ"లో కనిపిస్తున్నది. అంతకుముందు గడియ ప్రస్తావనే లేదు. మూతకు రెండు గడియలు పెట్టిన తయారీదారు, ఈ మాట దేనికి వర్తిస్తుందని అనుకోవాలి? "ఒక గడియ" అని ముందుగా చెప్పి, తరువాత "సదరు" అనాలి. పిడి సంగతికి వస్తే, ఏ వయసు పిల్లలకో, పిడి మందం ఎంతనుంచి ఎంతవరకో వివరణలో (క్లెయిములతోపాటు ఆవిష్కరణను వివరంగా చెప్పే భాగంలో) రాస్తే చెక్కపని గారి వాదన నిలబడుతుంది, రాయకపోతే నిలబడదు. మన 1970 పేటెంట్ల చట్టం 10(5) సెక్షను కూడా క్లెయిములు స్పష్టంగా, సంక్షిప్తంగా, వెల్లడించిన విషయంపై ఆధారపడి ఉండాలనే చెబుతున్నది. దాఖలుకు ముందు కాబట్టి ఇప్పుడు దిద్దుకోవడం సులువు. దాఖలయ్యాక వివరణలో కొత్త విషయం చేర్చనివ్వరు.

ఏటిగట్టు:
వయసూ మందమూ వివరణలో చేరితే పిడిపై నా అభ్యంతరాన్ని వదులుకుంటాను. "దాదాపు బిగుతుగా" అన్నదాన్ని మాత్రం ఒప్పుకోలేను. పెట్టెను తలకిందులు చేసినా మూత తెరుచుకోని విధంగా అని రాస్తే, ఎవరైనా చేసి చూసుకోవచ్చు.